ముందు ప్రశ్న, తర్వాత పరీక్ష

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం కట్టిన శానటోరియం ఉంది. దగ్గుతో, జ్వరంతో, చిక్కిపోయిన ఒంటితో ఎక్కడెక్కడి నుంచో జనం అక్కడికి చేరేవారు. వాళ్ళలో కొందరి సంగతి అక్కడి డేనిష్ వైద్యుడు ఫ్రీమోట్ మోలర్‌కు అంతుబట్టలేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు. అది చూస్తే ముదిరిన క్షయ అనే ఎవరైనా అంటారు. మనిషిని చూస్తే మాత్రం అంత జబ్బు మీద ఉన్నట్టు లేడు. రాత్రిపూట పొడిదగ్గు, ఆయాసం, పిల్లికూతలు. రక్తం పరీక్షిస్తే ఈసినోఫిల్ కణాలు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. తోటి డాక్టరు బార్టన్‌తో కలిసి ఆయన 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఇది క్షయ కాదు, క్షయ వేషంలో ఉన్న మరో జబ్బు అని దాని సారాంశం.

ఎక్స్‌రే ఒకటి చెబుతోంది, మంచం మీద మనిషి ఇంకొకటి చెబుతున్నాడు. ఆ ఇద్దరు డాక్టర్లు మనిషి మాటను కొట్టిపారేయలేదు. ఈ ఉపన్యాసానికి కావలసిన విషయమంతా ఇంచుమించు ఆ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

తర్వాతి కథ త్వరగా నడిచింది. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు ఇలాంటి 81 మంది రోగుల వివరాలను లాన్సెట్ పత్రికలో రాసి, ఈ జబ్బుకు ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. ఆర్సెనిక్ మందులతో తగ్గుతోందన్నాడు. ఎందుకు తగ్గుతోందో అప్పటికి ఎవరికీ తెలియదు. అసలు కారణం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగేనని తర్వాత తేలింది. దాని పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి, శరీరం వాటి మీద విరుచుకుపడుతుంది, ఆ పోరులోనే దగ్గూ ఆయాసమూ పుడతాయి. పురుగు పిల్లలు అక్కడే చచ్చిపోతాయి కనుక అర్ధరాత్రి రక్తం తీసి చూసినా దొరకవు. అంటే బోదకాలుకు ప్రసిద్ధమైన ఆ రాత్రి రక్తపరీక్ష ఇక్కడ నెగటివ్ వస్తుంది, జబ్బు మాత్రం ఫైలేరియాదే.

దీనికి సరైన మందు డైఇథైల్ కార్బమజీన్. 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చిన ఈ మందు అమెరికాలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ సంస్థ పరిశోధనాలయంలో తయారైంది. ఆ పరిశోధనాలయాన్ని నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టినవాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యాడు. ఎంబీబీఎస్ దక్కక ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకుని, తర్వాత బోస్టన్ చేరాడు. బోదకాలు బాధ బాగా తెలిసిన గోదావరి డెల్టా బిడ్డ పర్యవేక్షణలో బోదకాలు మందు పుట్టడాన్ని కాకతాళీయం అనుకున్నా, ముచ్చట పడకుండా ఉండలేం.

ఆరోగ్యవరం వ్యాసం వచ్చి ఎనభై ఏళ్ళు దాటింది. మన ఊళ్ళలో ఇవాళ్టికీ 'ఇస్నోఫీలియా' అనేది ఒక జబ్బు పేరుగా చలామణి అవుతోంది. తుమ్ములొచ్చినా ఇస్నోఫీలియానే, దురద పెట్టినా ఇస్నోఫీలియానే. నిజానికి అది రక్తంలో కనిపించే ఒక లెక్క మాత్రమే. మామూలుగా మైక్రోలీటరుకు 500 లోపు ఉండే ఈ కణాలు ఉబ్బసంలో కొంత పెరుగుతాయి. ట్రాపికల్ ఈసినోఫీలియాలో 3,000 దాటుతాయి. నులిపురుగులున్నా, కొన్ని మందులు పడకపోయినా, రక్తనాళాల వాపు జబ్బుల్లోనూ పెరుగుతాయి. లెక్క ఎక్కువగా ఉంది కదా అని అలర్జీ అనేసి స్టిరాయిడ్ మొదలుపెడితే రెండు ప్రమాదాలున్నాయి. ఫైలేరియా వాడికి కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది, జబ్బు లోపల అలాగే ఉంటుంది. పేగుల్లో స్ట్రాంగిలాయిడిస్ పురుగున్న వాడికైతే స్టిరాయిడ్ పడగానే ఆ పురుగు ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఈ రిపోర్టు చేతికి రాగానే డాక్టరు కలం తీయకూడదు, నోరు తెరవాలి. ఏ ఊరు? దగ్గు పగలా, రాత్రా? చెప్పులు లేకుండా పొలంలో తిరుగుతారా? ఈ మధ్య కొత్తగా ఏ మందు వాడారు? ఈ నాలుగు ప్రశ్నలకూ పైసా ఖర్చు లేదు.

అలర్జీ, రోగనిరోధక వ్యవస్థ, కీళ్ళవాతం. ఈ మూడు శాఖలకూ ఒక సామాన్య లక్షణం ఉంది. ఇక్కడి పరీక్షల్లో చాలావరకు జబ్బును కొలవవు. శరీరం దేనిని గుర్తుపట్టిందో, దేనిమీద ప్రతిరక్షకం తయారుచేసిందో మాత్రమే చెబుతాయి. గుర్తుపట్టడం వేరు, గొడవకు దిగడం వేరు. మలేరియా పరాన్నజీవి సూక్ష్మదర్శినిలో కనిపిస్తే దాదాపు కేసు తేలిపోయినట్టే. ఏఎన్‌ఏ పాజిటివ్ అని వస్తే కేసు అప్పుడే మొదలైనట్టు, లేదా అసలు లేనట్టు.

ఏఎన్‌ఏ సంగతే చూద్దాం. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే లూపస్ అనే జబ్బు అనుమానం వచ్చినప్పుడు చేసే మొదటి పరీక్ష ఇది. 1997లో ఎంగ్ టాన్, ఆయన సహచరులు అనేక ప్రయోగశాలల్లో ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించారు. రక్తద్రవాన్ని 40 రెట్లు పలచన చేసినప్పుడు దాదాపు 32 శాతం మందికి పాజిటివ్. 80 రెట్ల దగ్గర 13 శాతం. 160 దగ్గర 5 శాతం. 320 రెట్లు పలచన చేసినా 3 శాతం మంది మిగిలారు. వీళ్ళెవరికీ ఏ జబ్బూ లేదు.

ఇప్పుడొక చిన్న లెక్క. లక్షమంది ఉన్న పట్టణంలో 50 మందికి లూపస్ ఉందనుకుందాం. 'ఫుల్ బాడీ ప్యాకేజీ' పేరుతో అందరికీ ఏఎన్‌ఏ చేశారు. 80 రెట్ల దగ్గర ఆ 50 మందిలో దాదాపు అందరికీ పాజిటివ్ వస్తుంది. వాళ్ళతో పాటు ఏ జబ్బూ లేని మరో 13 వేల మందికి కూడా వస్తుంది. పాజిటివ్ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ప్రతి 260-270 మందిలో ఒక్కరికి లూపస్. మిగిలిన వాళ్ళకు ఉన్నదల్లా నిద్రపట్టకపోవడం, ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసుకుని భయపడటం, ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకు తిరగడం. ఇదే పరీక్షను ఇంకో చోట పెట్టి చూడండి. పాతికేళ్ళ అమ్మాయి, ఎండకు బుగ్గల మీద ఎర్రటి మచ్చ, కీళ్ళనొప్పులు, మూత్రంలో ప్రొటీన్. పరీక్షకు ముందే లూపస్ అయ్యే అవకాశం సగానికి సగం అని డాక్టరు అనుకున్నాడు. పాజిటివ్ వస్తే ఆ అవకాశం దాదాపు 88 శాతానికి చేరుతుంది. నెగటివ్ వస్తే లూపస్ మాటను ఇంచుమించు పక్కన పెట్టవచ్చు. పరీక్ష అదే, యంత్రం అదే. మారింది దానికి ముందు అడిగిన ప్రశ్న. అమెరికన్ రుమటాలజీ కాలేజీ 2013లో ప్రకటించిన 'చేయవద్దు' జాబితాలో కూడా ఈ మాట ఉంది. ఏఎన్‌ఏ పాజిటివ్ కాకుండా, రోగిని చూశాక అనుమానం కలగకుండా, దాని ఉపపరీక్షలు రాయవద్దని.

మన దగ్గర దీనికి మరో రూపం ఏఎస్ఓ టైటర్. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఎప్పుడో గొంతులోకి వచ్చి వెళ్ళిందని మాత్రమే అది చెబుతుంది. పిల్లలున్న ఇంట్లో, బడిలో, హాస్టల్లో అది ఎవరికైనా పెరిగి ఉండవచ్చు. కానీ 'కాళ్ళనొప్పులు' అన్న పిల్లవాడికి ఈ పరీక్ష చేయించి, అంకె కాస్త పెరిగిందని మూడు వారాలకొకసారి పెనిసిలిన్ ఇంజెక్షను మొదలుపెట్టడం మన జిల్లా కేంద్రాల్లో కొత్తేమీ కాదు. రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న బిడ్డకు ఆ ఇంజెక్షను ప్రాణరక్ష. ఎదిగే వయసులో రాత్రిళ్ళు పిక్కలు లాగుతున్నాయని ఏడ్చే పిల్లవాడికి అది ఏళ్ళ తరబడి సూదిపోటు మాత్రమే.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే కీళ్ళవాతం పరీక్ష కూడా అంతే. క్షయలో, కుష్ఠులో, హెపటైటిస్ సి లో, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్‌లో, ఏమీ లేని ముసలివాళ్ళలో కూడా అది పాజిటివ్ కావచ్చు. 2005 చివర్లో చికున్‌గున్యా మళ్ళీ దేశంలోకి వచ్చినప్పుడు మొదట తగిలిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి. జ్వరం తగ్గాక నెలల తరబడి వేళ్ళు, మణికట్లు వాచి, పొద్దున లేవగానే పిడికిలి బిగుసుకుపోయిన వాళ్ళు ఎందరో. పైకి అది అచ్చం రుమటాయిడ్ కీళ్ళవాతమే. రెండింటి దారులు వేరు. ఒకటి చాలామందిలో కాలక్రమేణా సద్దుమణుగుతుంది, రెండోది వదిలేస్తే కీలును తినేస్తుంది. వాటిని విడదీయడానికి కావలసినవి కాలం, కీళ్ళను చేత్తో నొక్కి చూసే ఓపిక, ఆపైన యాంటీ సీసీపీ లాంటి పరీక్ష.

చేత్తో నొక్కి చూడటం, అడగటం అంటే పాతకాలపు వైద్యమని కుర్ర డాక్టర్లు అనుకోవచ్చు. కీళ్ళవాతం క్లినిక్‌లో 'పొద్దున్నే ఎంతసేపు బిగుసుకుంటాయమ్మా?' అన్న ప్రశ్నకు మించిన పనిముట్టు తక్కువ. నిమిషాల్లో జవాబు ఎవరూ చెప్పరు. 'పాలవాడు వచ్చిపోయేదాకా', 'పిల్లల క్యారేజీలు సర్దేదాకా' అంటారు. క్యారేజీలు సర్దేదాకా అంటే గంట దాటింది, అది వాపు జబ్బు లక్షణం. 'రెండడుగులు వేస్తే సర్దుకుంటుంది బాబూ' అన్న పెద్దావిడ మోకాళ్ళది అరుగుదల. ల్యాబ్ అవసరం ఆ తర్వాతే.

అలర్జీలో ఈ చిక్కు మరింత ముదురుతుంది, ఎందుకంటే ఇక్కడ కాగితం మీది పాజిటివ్ నేరుగా కంచంలోకి వస్తుంది. ఒక గొట్టం రక్తంతో వంద పదార్థాలకు ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాన్ని చూసే ప్యానెల్ పరీక్షలు ఇప్పుడు ప్రతి పట్టణంలో దొరుకుతున్నాయి. పాలు, గుడ్డు, గోధుమ, శనగ, వంకాయ అంటూ పెద్ద జాబితా వస్తుంది. అమ్మ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తుంది. బిడ్డకు పెట్టడానికి పెరుగన్నం కూడా మిగలదు. అమెరికాలో డెన్వర్ నగరంలోని నేషనల్ జ్యూయిష్ ఆసుపత్రి వైద్యులు 2011లో ఇలాంటి పిల్లల మీద ఒక పరిశీలన ప్రకటించారు. 125 మంది పిల్లలు, ఎక్కువమంది ఎగ్జిమా అనే చర్మపు వాపుతో బాధపడేవాళ్ళు. చాలా తిండ్లు మానేసి ఉన్నారు. ఆసుపత్రిలోనే, డాక్టరు ఎదుట, ఆ పదార్థాలను కొద్దికొద్దిగా 364 సార్లు తినిపించి చూశారు. 89 శాతం సార్లు ఏమీ కాలేదు. ఆ రోజు దాకా వాళ్ళు వాటిని మానేసింది ఎక్కువగా కాగితం చూసే.

మానేయడం వల్ల నష్టమేముందిలే అనుకునేవాళ్ళకు వేరుశనగ కథ చెప్పాలి. 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టవద్దని సలహా ఇచ్చింది. ఆ సలహా వెనుక ఉన్నది తర్కం, ప్రయోగం కాదు. 2008లో దాన్ని వెనక్కు తీసుకున్నారు. అదే ఏడాది గిడియన్ లాక్ బృందం ఒక పోలిక ప్రకటించింది. లండన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లల్లో కంటే పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో పసివాళ్ళు బాంబా అనే వేరుశనగ చిరుతిండిని పళ్ళు రాకముందే చప్పరిస్తారు. ఆ తర్వాత లండన్‌లో 640 మంది పసిపిల్లల మీద 'లీప్' ప్రయోగం చేశారు. అందరూ 4 నుంచి 11 నెలల లోపువాళ్ళు, అందరికీ తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉంది. సగం మందికి వేరుశనగ తినిపించారు, సగం మందికి మాన్పించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. చర్మపరీక్ష మొదట్లో నెగటివ్‌గా ఉన్న పిల్లల్లో, మానేసిన వాళ్ళకు ఐదేళ్ళ వయసులో అలర్జీ 13.7 శాతం. తిన్నవాళ్ళలో 1.9 శాతం. జాగ్రత్త పేరిట ఇచ్చిన సలహా జబ్బుకే దారి తీసి ఉండవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగింట్లో పల్లీ చట్నీ బిడ్డకు ఎప్పుడు పెట్టాలన్న ప్రశ్న వస్తే ఈ ప్రయోగాన్ని గుర్తుచేసుకోవాలి. ఎగ్జిమా బాగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరుకు చూపించి మొదలుపెట్టాలి. గింజలు పెట్టకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి, మెత్తగా నూరి కలపాలి.

పెనిసిలిన్ ముద్ర ఇంకో రకం. చిన్నప్పుడు జ్వరానికి మందు వేస్తే దద్దుర్లు వచ్చాయి, అప్పటి నుంచి ఫైలు మీద ఎర్ర సిరాతో 'పెనిసిలిన్ పడదు'. ఆ దద్దుర్లు వైరస్ వల్ల వచ్చాయో, మందు వల్ల వచ్చాయో ఎవరూ తేల్చలేదు. అమెరికాలో దాదాపు పదిమందిలో ఒకరికి ఈ ముద్ర ఉంటుంది. సరిగ్గా పరీక్షిస్తే వాళ్ళలో తొంభై శాతానికి పైగా ఆ మందును హాయిగా తట్టుకుంటారు. నిజంగా అలర్జీ ఉన్నవాళ్ళలో కూడా పదేళ్ళు గడిస్తే ఎక్కువమందిలో అది పోతుంది. ముద్ర మిగిలిపోతే వాళ్ళకు పెద్ద మందులు, ఖరీదైన మందులు, మందులకు లొంగని క్రిములు. ఆస్ట్రేలియా వైద్యులు 2020లో కొద్ది ప్రశ్నలతో ఒక తూకం తయారుచేశారు. జరిగింది ఐదేళ్ళ లోపా? ఊపిరాడకపోవడం, ముఖం వాచడం, చర్మం ఊడిపోవడం లాంటివి జరిగాయా? చికిత్స చేయాల్సి వచ్చిందా? ముప్పు తక్కువని తేలిన 382 మందితో 2023లో ఒక ప్రయోగం ప్రకటించారు. సగం మందికి చర్మపరీక్ష చేశాక మాత్ర ఇచ్చారు, సగం మందికి నేరుగా మాత్ర ఇచ్చారు. రెండు వైపులా అలర్జీ వచ్చింది ఒక్కొక్కరికే.

మన నర్సింగ్‌హోముల్లో దీనికి బదులుగా ఒక ఆచారం ఉంది. ముంజేతి చర్మం కింద కాస్త మందు ఎక్కించి, బాల్‌పెన్నుతో చుట్టూ సున్నా గీసి, కాసేపు ఆగి చూడటం. పాత కథ అడగకుండా చేసే ఈ 'టెస్ట్ డోసు' సున్నాకు ఉన్న విలువ ఆ ఆకారానికి తగ్గట్టే ఉంటుంది. సున్నాలో ఎరుపు రాకపోయినా అలర్జీ రావచ్చు, ఎరుపు వచ్చినా అది సూది గుచ్చిన చోటి చికాకే కావచ్చు. ఆ సున్నాను చూసి ధైర్యం తెచ్చుకోవడం కంటే పక్కన అడ్రినలిన్ ఆంప్యూల్ ఉందో లేదో చూసుకోవడం మేలు.

ఇంతసేపూ ఆగమని, అడగమని, ఆలోచించమని చెప్పాక, ఆగకూడని చోటు కూడా చెప్పాలి. అనాఫిలాక్సిస్‌లో , అంటే ఒళ్ళంతా ఒక్కసారిగా విరుచుకుపడే అలర్జీలో, ఆలోచనకు సమయం ఉండదు. బ్రిటన్‌లో ప్రాణాంతకమైన కేసులను పరిశీలించిన పంఫ్రీ అనే వైద్యుడు 2000లో ఒక లెక్క ఇచ్చాడు. శ్వాస లేదా గుండె ఆగిపోవడానికి పట్టిన సమయం తిండి వల్ల అయితే మధ్యస్థంగా 30 నిమిషాలు. కందిరీగ లాంటివి కుడితే 15. ఆసుపత్రిలో ఇచ్చిన మందు వల్ల అయితే 5. ఐదు నిమిషాల్లో చేయగలిగిన పని ఒక్కటే. తొడ కండరంలోకి అడ్రినలిన్, పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము. మన దగ్గర మాత్రం ముందు అవిల్ అనే అలర్జీ ఇంజెక్షను పొడుస్తారు, తర్వాత స్టిరాయిడ్, అప్పటికీ లేవకపోతే అడ్రినలిన్. ఈ వరుస తలకిందులుగా ఉంది. అవిల్ దురద తగ్గిస్తుంది, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టదు. ఇక్కడ అనుమానం చాలు, నిర్ధారణ అక్కర్లేదు. ఎంత అనుమానం ఉంటే మందు మొదలుపెట్టాలన్న గీత, మందు చేసే మేలును, కీడును బట్టి కదులుతుందని పాకర్, కసిరర్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1980లో లెక్క కట్టి చూపించారు. కీళ్ళవాతంలో అదే గీత ఒక్క కీలు ఎర్రగా, వేడిగా, ముట్టుకోనివ్వకుండా వాచినప్పుడు గుర్తుకు రావాలి. యూరిక్ యాసిడ్ పెరిగిందని గౌట్ అనేయడం, మామూలుగా ఉందని కాదనడం, రెండూ తప్పే. గౌట్ దాడి నడుస్తున్నప్పుడు ఆ అంకె మామూలుగా ఉండవచ్చు, చీము పట్టిన కీలున్న మనిషిలో అది ఎక్కువగా ఉండవచ్చు. సూదితో కీలు నీరు తీసి చూడటమే దారి. 1961లో మెక్‌కార్టీ, హొలాండర్ ఆ నీటిలో గౌట్ స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టి చూపించిన దగ్గర నుంచీ దారి అదే.

ఇక మందు నిర్ణయం. ఇక్కడ మళ్ళీ సుబ్బారావు దగ్గరికి రావాలి. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను లెడర్లీలో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డు తగిలే అణువులను కూడా అదే బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించాడు. దానికి దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్. ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ళకే కన్నుమూశారు. ఆరు వారాల తర్వాత, సెప్టెంబరు 21న, అమెరికా మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ రుమటాయిడ్ కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ మొదటి ఇంజెక్షను ఇప్పించాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, కెండల్‌కు, రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌తో కీళ్ళవాతమూ, సోరియాసిస్ మచ్చలూ తగ్గుతున్నాయని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. లోకమంతా కార్టిసోన్ మత్తులో ఉంది. స్టిరాయిడ్ రోజుల్లో పనిచేస్తుంది, ఈ మందుకు వారాలు పడుతుంది. ఉబ్బిన ముఖాలు, విరిగిన వెన్నుపూసలు, పెరిగిన చక్కెర కనిపించాకే ఉత్సాహం చల్లబడింది. 1985లో బోస్టన్‌లో, సుబ్బారావు ఒకప్పుడు పనిచేసిన ఊళ్ళోనే, వైన్‌బ్లాట్ బృందం మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో పనిచేస్తుందని ప్రయోగంతో చూపించింది. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్ళవాతానికి దాన్ని ఆమోదించింది. గబ్నర్ వ్యాసానికీ ఆ ఆమోదానికీ మధ్య 37 ఏళ్ళు. త్వరగా కనిపించే ఫలితం నెమ్మదిగా వచ్చే ఫలితాన్ని ఎంతకాలం కప్పి ఉంచగలదో చెప్పడానికి వైద్యచరిత్రలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మన వీధి చివర 'నొప్పుల మాత్ర' పొట్లాల్లో ఇప్పటికీ గెలుస్తున్నది ఆ త్వరపాటే. పేరు లేని ఆ తెల్ల బిళ్ళ చాలాసార్లు స్టిరాయిడే.

త్వరపాటు మాట వచ్చింది కనుక ఉబ్బసం వాళ్ళ సంగతొకటి ఇక్కడే చెప్పాలి. మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వేలమంది బారులు తీరుతారు. దానితో ఉబ్బసం తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అయినా డాక్టరు వెక్కిరిస్తే లాభం లేదు. 'వెళ్ళారా? వెళ్ళొచ్చాక ఇన్‌హేలర్ ఆపేశారా?' అని మామూలు గొంతుతో అడగాలి. వెక్కిరించిన డాక్టరుకు రెండో ప్రశ్నకు జవాబు దొరకదు.

మళ్ళీ మెథోట్రెక్సేట్ దగ్గరికి వస్తే, కీళ్ళవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోవచ్చు. ఈ పొరపాటు ఎన్నో దేశాల్లో పదే పదే జరిగింది. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీని కోసమే కొత్త నిబంధనలు పెట్టింది. మన చీటీల్లో ఈ మందు కింద గజిబిజి అక్షరాలు తప్ప రోజు పేరు కనిపించదు. పక్కనే ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, రెండూ చిన్న పసుపు బిళ్ళలే కావచ్చు. ఒకటి సుబ్బారావు బృందం తయారుచేసిన పోషకం, ఇంకొకటి దానికి విరుగుడుగా అదే బృందం తయారుచేసిన అణువుల కుటుంబంలోది. నేడు ఒకే రోగి రెండూ వేసుకుంటున్నాడు. ఫోలిక్ యాసిడ్ నోటిపూతను, కడుపు తిప్పడాన్ని తగ్గిస్తుంది, కీళ్ళ మీద మందు పనిని పెద్దగా చెడగొట్టదు. కోట్రైమాక్సజోల్ అనే మామూలు యాంటీబయోటిక్‌ను మాత్రం మెథోట్రెక్సేట్‌తో కలపకూడదు, మూలుగ దెబ్బతింటుంది. గర్భం దాల్చే ఉద్దేశం ఉన్న స్త్రీకి మెథోట్రెక్సేట్ అసలు రాయకూడదు. ఆ ఉద్దేశం ఉందా అని అత్తగారు బయటికెళ్ళాక అడగాలి.

మంచి మందు రాస్తే పని అయిపోదు. గ్లాస్గోలో 110 మంది రోగులతో జరిగిన టికోరా ప్రయోగం ఫలితాలు 2004లో వచ్చాయి. మందులన్నీ పాతవే. సగం మంది మామూలుగా మూడు నెలలకొకసారి క్లినిక్‌కు వచ్చారు. సగం మందిని ప్రతి నెలా పిలిచి, కీళ్ళు లెక్కపెట్టి, అంకె దిగకపోతే మందు పెంచారు. పద్దెనిమిది నెలలకు జబ్బు అణిగినవాళ్ళు మామూలు గుంపులో 16 శాతం, నెలనెలా చూసిన గుంపులో 65 శాతం. తేడా అంతా నియమం పెట్టుకుని మళ్ళీ చూడటంలోనే వచ్చింది. 2013లో 353 మందితో జరిగిన మరో ప్రయోగం మనకు ఇంకా దగ్గరిది. మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని వాళ్ళకు సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే చవక మందులు కలిపినా, ఖరీదైన ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షను కలిపినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఇంజెక్షను జాతికే చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన వాళ్ళలో క్షయ బయటపడిన 70 కేసులను 2001లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. మందు మొదలయ్యాక మధ్యస్థంగా 12 వారాల్లో. క్షయ ఇంత ఉన్న దేశంలో ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణ క్షయ పరీక్ష లేకుండా ఆ మందు ఎక్కించడం జూదం. చవక మందులు మూడింటినీ సరిగ్గా వాడి చూడకుండా దానికి ఎగబడటం కూడా వివేకం అనిపించుకోదు.

ఇవన్నీ జరగాలంటే కొత్త యంత్రాలు అక్కర్లేదు. డాక్టర్లు ల్యాబ్‌కు రాసే చీటీ మీద పరీక్ష పేరుతో పాటు ఏ జబ్బు కోసం, ఏ లక్షణం చూసి అడుగుతున్నారో ఒక్క వాక్యం రాయాలి. వాక్యం రాయలేకపోతే ఆ పరీక్ష మానుకోవచ్చు. మెథోట్రెక్సేట్ రాసినప్పుడు 'ఆదివారం మాత్రమే' అనో, 'బుధవారం మాత్రమే' అనో తెలుగు అక్షరాల్లో రాయాలి. మందుల షాపులో ఆ మాట లేకుండా మందు ఇవ్వకూడదు. మందు పడదని చెప్పే రోగులు ఏ మందు, ఏ ఏడాది, వేసుకున్న ఎంతసేపటికి ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని దగ్గర ఉంచుకోవాలి. సుబ్బారావు పేరుతో ఏటా సభలు జరిపే సంఘాలు దండలకూ శాలువాలకూ పెట్టే డబ్బుతో ఇలాంటి చీటీలు ఒక్కో జిల్లా ఆసుపత్రికి ఏడాదికి సరిపడా అచ్చువేయించవచ్చు. ఈ ఏడాది ఆ పని మొదలుపెట్టమని మనవి.